లైసెన్సు వరమిచ్చినా...

2019 మే నెలలో అమెరికా ప్రభుత్వం చైనా కంపెనీ హువావేను వాణిజ్య ఆంక్షల జాబితాలో చేర్చింది. ప్రత్యేక అనుమతి లేనిదే అమెరికా కంపెనీలు ఇక దానితో వ్యాపారం చేయకూడదు. గూగుల్ తప్పుకుంది. అయితే ఫోన్లను నడిపే ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌లో, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠంలో, ఒక్క పంక్తి కూడా హువావే చేయి దాటిపోలేదు. అపాచీ లైసెన్సు కింద అందరికీ విడుదలైన కోడ్ అది. షరతులు పాటించినంతకాలం ఆ అనుమతిని గూగుల్ వెనక్కి లాక్కునే వీలే లేదు.

అదే ఏడాది సెప్టెంబరులో హువావే మ్యూనిక్‌లో మేట్ 30 ఫోన్లను ఆవిష్కరించింది. కెమెరాకు, తెరకు వంక పెట్టేవారు లేరు. లోపల నడుస్తున్నదీ ఆండ్రాయిడే. కానీ ప్లే స్టోర్ లేదు, గూగుల్ మ్యాప్స్ లేదు, యూట్యూబ్ యాప్ లేదు. చైనాలో కొనేవారికి ఇది లోటుగా తోచలేదు, ఎందుకంటే అక్కడి ఫోన్లలో గూగుల్ సేవలు అంతకు ముందూ లేవు. యూరప్‌లో మాత్రం ఆ ఫోను, ఎంత మంచిదైనా, అమ్మడం కష్టమైన వస్తువైపోయింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదని మనకో సామెత ఉంది. కోడ్‌ను అందరికీ తెరిచి ఇచ్చే ఓపెన్ సోర్స్ ప్రపంచాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు దొరకలేదు. దేవుడు లైసెన్సు. వరం కోడ్. పూజారి ఎక్కడ నిలబడ్డాడు, ఏ గుమ్మం దగ్గర ఆపుతాడు అన్నదే అసలు కథ. చిక్కేమిటంటే, ఒక్కో గుడిలో ఆయన ఒక్కోచోట నిలబడతాడు.

లైసెన్సు ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

1983లో అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ఆయన అడిగింది స్వేచ్ఛ: ప్రోగ్రామును నడుపుకునే, లోపల ఎలా ఉందో చూసే, మార్చుకునే, మార్చినదాన్ని పంచుకునే స్వేచ్ఛ. ఇంగ్లీషులో స్వేచ్ఛకూ ఉచితానికీ ‘ఫ్రీ’ అన్న మాట ఒక్కటే కావడంతో ఆయన జీవితంలో చాలా భాగం ఆ తేడా వివరించడానికే సరిపోయింది. తెలుగులో రెండు వేర్వేరు మాటలున్నాయి. ఈ ఒక్క విషయంలో మనకు శ్రమ తప్పింది. ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు 1998లో వచ్చింది. క్రిస్టీన్ పీటర్సన్ సూచించిన ఆ పేరు వ్యాపార సంస్థల చెవికి ఇంపుగా ఉంది. స్వేచ్ఛ అనే మాట వింటే ఉలిక్కిపడే యాజమాన్యాలు ఓపెన్ అనే మాటను మాత్రం ఆదరించాయి.

పేరు ఏదైనా, చట్టం దృష్టిలో ఇది కాపీరైట్ వ్యవహారం. కోడ్ రాసినవారికి దానిపై హక్కు ఉంటుంది. ఆ హక్కులో కొంత భాగాన్ని లోకానికి ముందుగానే ధారపోస్తూ రాసిన కాగితమే లైసెన్సు. కాపీ చేయడం, మార్చడం, పంచడం: ఈ మూడింటి గురించే అది ప్రధానంగా మాట్లాడుతుంది. ఆ ప్రోగ్రాము పేరును ఎవరు వాడుకోవచ్చో అది తేల్చదు. ప్రోగ్రాము మాట్లాడే సర్వర్ ఎవరిదో, యాప్ స్టోర్ తాళాలు ఎవరి దగ్గరుంటాయో, వేలమంది పంపే మార్పుల్లో దేన్ని చేర్చుకోవాలో ఎవరు నిర్ణయిస్తారో దానికి పట్టదు. ప్లాట్‌ఫాం అనేది చాలావరకు ఈ పట్టని సంగతులతోనే తయారవుతుంది.

లైసెన్సుల్లో రెండు పెద్ద కుటుంబాలున్నాయి. జీపీఎల్ కుటుంబం ఇచ్చిపుచ్చుకోమంటుంది: నా కోడ్‌ను మార్చి ఇంకొకరికి ఇస్తే, మార్చిన కోడ్‌ను కూడా అదే షరతుతో ఇవ్వాలి. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ కుటుంబం అంత పట్టుబట్టదు. తీసుకెళ్లు, నా పేరు చెరపకు, మిగతాది నీ ఇష్టం అంటుంది. ఆండ్రాయిడ్‌లో రెండూ ఉన్నాయి. అడుగున, యంత్రాన్ని నేరుగా నడిపించే లినక్స్ కెర్నల్ జీపీఎల్ కింద ఉంది. దానిపై గూగుల్ కట్టిన అంతస్తుల్లో ఎక్కువ భాగం అపాచీ కింద ఉంది. తాము చేర్చిన హంగులను బయటపెట్టడానికి ఫోన్ల తయారీదారులు ఇష్టపడరు కాబట్టి వారికోసం ఆ తలుపు వదిలిపెట్టారు. ఆ తలుపులోంచే తర్వాత గూగుల్ కూడా తన మూసిన అంతస్తును పైకి చేర్చుకుంది.

పై అంతస్తు కథ

ఈ మూసిన అంతస్తు పేరు గూగుల్ ప్లే సర్వీసెస్. తెరపై దీనికి బొమ్మ కనపడదు, కాబట్టి చాలామందికి ఇది ఉన్నట్టే తెలియదు. మెసేజ్ రాగానే ఫోను మోగేలా చేయడం, ఖచ్చితమైన లొకేషన్ చెప్పడం, గూగుల్ ఖాతాతో లాగిన్ చేయించడం, ఈ ఫోనులో సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా తారుమారు చేశారా అని బ్యాంకు యాప్‌కు సాక్ష్యం చెప్పడం దీని పనులు. యాప్ రాసేవారు ఈ సౌకర్యాలను నేరుగా పిలిచి వాడుకుంటారు. అలా రాసిన యాప్ పేరుకు ఆండ్రాయిడ్ యాప్. నిజానికి అది ప్లే సర్వీసెస్ యాప్. కేవలం ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ ఉన్న ఫోనులో పెడితే కొన్ని తెరుచుకోవు, కొన్ని తెరుచుకుని కుంటుతాయి. హువావేకు ఎదురైంది ఇదే. వాళ్లు కోల్పోయింది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, లక్షల మంది డెవలపర్లు అలవాటుపడిన ఆ అంతస్తు.

దీనికి తోడు ఒప్పందాలున్నాయి. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ సెర్చ్‌నూ క్రోమ్‌నూ కూడా ముందే ఫోనులో పెట్టాల్సి ఉండేది. ఒక్క మోడల్‌లో ప్లే స్టోర్ పెట్టిన కంపెనీ, గూగుల్ ఆమోదించని ఆండ్రాయిడ్ రూపంతో మరో మోడల్ అమ్మకూడదన్న షరతూ ఉండేది. 2012లో ఏసర్ కంపెనీ అలీబాబా వారి అలియున్ సిస్టమ్‌తో ఒక ఫోను తెస్తామని పిలుపులు పంపి, సరిగ్గా ఆవిష్కరణకు ముందు దాన్ని రద్దు చేసుకున్నది ఈ రెండో షరతు ఒత్తిడివల్లే. అమెజాన్ తన ఫైర్ ఓఎస్‌ను ఆండ్రాయిడ్ కోడ్ నుంచే తయారుచేసుకుంది. దానితో ఫోన్లూ ట్యాబ్లెట్లూ తయారుచేయకుండా పెద్ద కంపెనీలను ఈ ఒప్పందాలే అడ్డుకున్నాయని యూరోపియన్ కమిషన్ 2018 జూలైలో తేల్చి, గూగుల్‌కు 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2022లో యూరప్ జనరల్ కోర్టు దాన్ని 412.5 కోట్లకు తగ్గించింది కానీ తీర్పులోని వాదనను చాలావరకు నిలబెట్టింది.

గూగుల్ సమాధానంలో పసలేదని అనలేం. తలా ఒక ఆండ్రాయిడ్ తయారుచేస్తే, ఒక ఫోనులో నడిచే యాప్ మరోదానిలో నడవక, చివరకు ఎవరి ఆండ్రాయిడూ పనికిరాకుండా పోతుందని వారి మాట. యునిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ లోకం ఒకప్పుడు అలాగే ముక్కలైంది. పొందిక కావాలన్నది నిజమైన అవసరమే. నాకు అభ్యంతరం ఎక్కడంటే, పొందిక కుదిరిందో లేదో చెప్పే న్యాయమూర్తి అదే బరిలో పరుగెత్తే పోటీదారు కూడా అయినప్పుడు, అవసరానికీ స్వార్థానికీ మధ్య గీత ఆయన గీసిన చోటే ఉంటుంది.

పేరు కూడా ఒక తాళమే

ఇంకో పూజారి ట్రేడ్‌మార్క్. దీని కథ కొంచెం నవ్వు పుట్టించేదే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోడ్ ఓపెన్. లినక్స్‌ను ఇతర ప్రోగ్రాములతో కలిపి అందించే డెబియన్ అనే పంపిణీ దాన్ని తనకు తగినట్టు మార్చి ఇస్తుండేది. ఫైర్‌ఫాక్స్ బొమ్మ మాత్రం స్వేచ్ఛా లైసెన్సు కింద లేదని దాన్ని పక్కన పెట్టింది. 2006లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా అడ్డు చెప్పింది: పేరు వాడితే బొమ్మా వాడాలి, చేసే మార్పులు మాకు చూపి ఆమోదం పొందాలి. రెండూ కుదరవనుకున్న డెబియన్ బ్రౌజర్ పేరే మార్చేసింది. నిప్పుకు బదులు మంచు, నక్కకు బదులు వీజిల్ అనే బక్క జంతువు; ఐస్‌వీజిల్ పుట్టింది. పదేళ్లపాటు అదే కోడ్, వేరే పేరుతో బతికింది. 2016లో రెండు పక్షాలూ రాజీపడి పాత పేరు తిరిగొచ్చింది. ఇక్కడ మొజిల్లా అంటున్నదీ అర్థం లేనిది కాదు. ఎవరో మార్చి పాడుచేసిన బ్రౌజర్ తన పేరుతో తిరిగితే చెడ్డపేరు వచ్చేది తనకే కదా.

వర్డ్‌ప్రెస్ గొడవలో నవ్వు తక్కువ. లోకంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడిపే ఈ సాఫ్ట్‌వేర్ జీపీఎల్ కింద ఉంది. అసలు ఇది 2003లో బీ2 అనే మరో ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము నుంచి చీలి పుట్టినదే. 2024 సెప్టెంబరులో దీని సహ సృష్టికర్త మాట్ ములెన్‌వెగ్‌కూ, డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకీ ట్రేడ్‌మార్క్ వాడకంపై, ప్రాజెక్టుకు తిరిగి ఇవ్వాల్సిన వాటాపై తగవు వచ్చింది. ఆ కంపెనీకి వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ సర్వర్లు మూసుకుపోయాయి. అక్టోబరులో ఆ కంపెనీ నిర్వహించే ఒక ప్రసిద్ధ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రాము) స్థానాన్ని అధికారిక ప్లగిన్ల జాబితాలో మరో పేరుతో వేరొక రూపం ఆక్రమించింది. డిసెంబరులో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి ఆ కంపెనీకి ప్రవేశాన్ని పునరుద్ధరించమంది.

ఎవరి పక్షం న్యాయమో ఇక్కడ నేను తేల్చబోవడం లేదు. లక్షల సైట్లు తమ అప్‌డేట్ల కోసం తలుపు తట్టే ఆ సర్వర్ ఒక సాధారణ ప్రజా సంస్థదని చాలామంది అనుకుంటూ వచ్చారు. అది తన సొంతమని ములెన్‌వెగ్ చెప్పాకగానీ వాళ్లకు తెలియలేదు. లైసెన్సులో వెతికితే ఆ సర్వర్ ఊసే ఉండదు.

తెరిచిన కోడ్, దాని పక్కనే మూసిన తలుపు: ఇలాంటి జతలు ఒకసారి కనపడ్డాక ఎక్కడ చూసినా అవే కనపడతాయి. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ పనిముట్టును లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాసి ఓపెన్‌గా ఇచ్చారు. ఎవరైనా సొంత యంత్రంలో నడుపుకోవచ్చు. కానీ ప్రపంచంలోని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఎక్కువగా కాపురముండేది గిట్‌హబ్‌లో. అది ఓపెన్ కాదు. 2018లో మైక్రోసాఫ్ట్ దాన్ని 750 కోట్ల డాలర్లకు కొన్నది. కోడ్‌ను అక్కడి నుంచి తీసుకుపోవడం నిమిషాల పని. దాని చుట్టూ పేరుకున్న చర్చలు, ఫిర్యాదులు, పరిచయాలు, గుర్తింపు మాత్రం కదలనంటాయి. క్రోమ్ బ్రౌజర్‌కు పునాది అయిన ఓపెన్ కోడ్ క్రోమియం; ఈ రెండింటి సంబంధమూ ఇలాంటిదే. పునాది కోడ్ ఒకటే అయినా, 2021 మార్చి నుంచి ఇతరులు తయారుచేసే క్రోమియం బ్రౌజర్లకు గూగుల్ తన సింక్ సేవను ఆపేసింది.

అత్త సొమ్ము

ఇంతవరకు ప్రాజెక్టును చేతిలో పెట్టుకున్నవారు బలవంతులుగా కనిపించారు. కథ తిరగబడే సందర్భాలూ ఉన్నాయి. ఎలాస్టిక్ అనే కంపెనీ డేటాలో వెతికిపెట్టే ఎలాస్టిక్‌సెర్చ్‌ను అపాచీ లైసెన్సు కింద ఇచ్చింది. 2015లో అమెజాన్ దాన్ని తన క్లౌడ్‌లో అద్దె సేవగా పెట్టింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, రాసినవారు ఒకరు, అద్దె వసూలు చేసేవారు మరొకరు. చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు, లైసెన్సు ఇవ్వమన్నదే అమెజాన్ తీసుకుంది. జీపీఎల్ పెట్టి ఉన్నా పెద్దగా ఒరిగేది కాదు. ఎందుకంటే జీపీఎల్ షరతు ప్రోగ్రామును ఇంకొకరి చేతికి ఇచ్చినప్పుడే మేలుకుంటుంది. క్లౌడ్‌లో ప్రోగ్రాము ఎవరి చేతికీ పోదు, ఫలితం మాత్రమే పోతుంది.

దాంతో కంపెనీలు ఒకదాని వెంట ఒకటి లైసెన్సులు మార్చాయి. 2018లో డేటాబేస్ కంపెనీ మాంగోడీబీ, 2021లో ఎలాస్టిక్, 2023లో సర్వర్లను ఏర్పాటుచేసే టెర్రాఫామ్ పనిముట్టు తయారుచేసే హాషికార్ప్, 2024 మార్చిలో మరో డేటాబేస్ కంపెనీ రెడిస్. కొత్త లైసెన్సుల్లోనూ కోడ్ కనిపిస్తుంది, చదువుకోవచ్చు, కానీ దానితో పోటీ సేవ నడపాలంటే అడ్డంకులున్నాయి. ఏది ఓపెన్ సోర్సో నిర్ధారించే ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ సంస్థ వీటిని ఆ గొడుగు కిందికి రానివ్వలేదు.

అందరికీ ఇచ్చేసిన కోడ్ లైసెన్సును ఎలా మార్చగలిగారు? పాత కోడ్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కొత్త కూర్పులకే కొత్త షరతులు. అందుకు దారి రెండు విధాలుగా దొరుకుతుంది. ఉదారమైన లైసెన్సులు, ఎవరైనా సరే, తాము చేర్చే కొత్త పనిని మూసిన షరతుల కింద పెట్టుకోనిస్తాయి. అది కాకపోతే, బయటివారు మార్పు పంపినప్పుడు ముందే ఒక ఒప్పందంపై సంతకం చేయించుకుంటారు: ఈ కోడ్‌ను కంపెనీ తనకు నచ్చిన లైసెన్సు కింద ఇచ్చుకోవచ్చు అని. సంతకం చేసేనాడు అది ఆఫీసు లాంఛనంలా కనిపిస్తుంది. ప్రాజెక్టు భవిష్యత్తు మాత్రం ఆ కాగితంలోనే ఉంటుంది.

లినక్స్ కెర్నల్ తీరు వేరు. 1992లో జీపీఎల్ కిందికి వచ్చిన ఆ కోడ్‌లో తమ తమ పంక్తులపై కాపీరైట్ ఉన్నవారు వేలల్లో ఉన్నారు. వాళ్లెవరూ ఆ హక్కును ఒకచోట కుదువ పెట్టలేదు. 2007లో జీపీఎల్ మూడో కూర్పు వచ్చినప్పుడు టోర్వాల్డ్స్‌కు అది నచ్చలేదు, కెర్నల్ రెండో కూర్పులోనే ఉండిపోయింది. ఆయనకు నచ్చి ఉన్నా మార్చడం దాదాపు అసాధ్యం; ఆ వేలమందినీ వెతికి ఒప్పించాలి, అందులో కొందరు చనిపోయారు కూడా. నిర్వహణకు ఇది పెద్ద తలనొప్పి. కానీ కెర్నల్‌ను ఏ కంపెనీ కొనలేకపోవడానికి కారణమూ ఆ తలనొప్పే. నా దృష్టిలో, ఒక ప్రాజెక్టు ఎంత ఓపెన్ అని తెలుసుకోవాలంటే లైసెన్సు పేరు కంటే ముందు కాపీరైట్ ఎంతమంది మధ్య చెదిరి ఉందో చూడాలి.

పాయలు

చివరి ఆయుధం ఫోర్క్. నది పాయగా చీలినట్టు, కోడ్‌ను తీసుకుని వేరే దారిన పోవడం. హక్కుగా ఇది ఎప్పుడూ ఉంటుంది. ఇల్లు అలకగానే పండుగ కాదు కదా; కాపీ చేసుకోవడం క్షణాల పని, ఆ తర్వాత లోపాలు సరిదిద్దేవారు, కొత్త కూర్పులు విడుదల చేసేవారు, నమ్మి వాడేవారు వెంట రావాలి. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లాక, సన్ వారి ఓపెన్‌ఆఫీస్ అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ డెవలపర్లలో చాలామంది సెప్టెంబరులో లిబ్రేఆఫీస్ పేరుతో విడిపోయారు. ప్రధాన లినక్స్ పంపిణీలు త్వరలోనే కొత్త పాయవైపు మళ్లాయి. మరుసటి ఏడాది ఒరాకిల్ పాత ఓపెన్‌ఆఫీస్‌ను అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించింది. అప్పటికే నీళ్లు కొత్త పాయలోకి మళ్లిపోయాయి.

రెడిస్ విషయంలో ఇది ఇంకా వేగంగా జరిగింది. లైసెన్సు మారిన ఎనిమిది రోజులకే లినక్స్ ఫౌండేషన్ నీడలో వాల్కీ అనే ఫోర్క్ వెలిసింది. అమెజాన్, గూగుల్, ఒరాకిల్ దాని వెనుక నిలిచాయి. 2025 మేలో రెడిస్ మళ్లీ ఒక ఓపెన్ సోర్స్ లైసెన్సును అందుబాటులోకి తెచ్చింది. ఎలాస్టిక్ అంతకు ముందు ఏడాదే ఆ పని చేసింది. స్వేచ్ఛ గెలిచిందని కొందరు సంబరపడ్డారు. నాకు అంత సంబరం కలగలేదు. ఎనిమిది రోజుల్లో ఫోర్క్ నిలబడింది జీతాలిచ్చే మహా కంపెనీలు వెనుక ఉన్నాయి కాబట్టి. ఏ క్లౌడ్ కంపెనీలను దూరం పెట్టాలని లైసెన్సు మార్చారో, ఆ కంపెనీలే కొత్త పాయకు గట్టు వేశాయి.

అటువంటి అండ లేని ప్రాజెక్టులు ఎలా ఉంటాయో 2024 మార్చిలో బయటపడింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ లెక్కలేనన్ని సర్వర్లలో ఉంది. ఏళ్లపాటు దాన్ని ఒక్క మనిషి, తీరిక వేళల్లో, అలసిపోతూ చూసుకున్నాడు. ఒక అజ్ఞాత వ్యక్తి సహాయకుడిగా వచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, విడుదల చేసే అధికారం చేతికి వచ్చాక, బయటివారు సర్వర్‌లోకి చొరబడేందుకు రహస్యంగా దొడ్డిదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన యంత్రంలోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి దాన్ని పట్టుకున్నారు. కోడ్ ఓపెన్‌గా ఉండటం వల్లే అంత లోతుకు తవ్వగలిగారు. కోడ్ ఓపెన్‌గా ఉన్నా అంతవరకు మరెవరూ చూడలేదన్నదీ అంతే నిజం.

ఇక మళ్లీ ఆండ్రాయిడ్. 2025 మార్చిలో గూగుల్ ఇకపై అభివృద్ధినంతా బయటికి కనపడకుండా తన లోపలే చేస్తామని, కూర్పు సిద్ధమయ్యాక కోడ్ విడుదల చేస్తామని చెప్పింది. ఆగస్టులో ఇంకో ప్రకటన వచ్చింది: 2026 సెప్టెంబరు నుంచి ముందుగా బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో, గుర్తింపు ధ్రువీకరించుకున్న డెవలపర్ల యాప్‌లే ఫోన్లలో ఎక్కించుకోవాలి. ప్లే స్టోర్ వెలుపల నుంచి తెచ్చుకునే యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది. మోసపు యాప్‌లను అరికట్టడానికని గూగుల్ కారణం చెప్పింది. ఓపెన్ సోర్స్ యాప్‌లను మాత్రమే పంచే ఎఫ్‌డ్రాయిడ్ తన మనుగడే ప్రమాదంలో పడుతుందని నిరసించింది. నవంబరులో గూగుల్ కొంత తగ్గి, తెలిసి ముప్పు స్వీకరించే అనుభవజ్ఞులకు వేరే దారి ఉంచుతామంది. ఈ నియమం గూగుల్ ధ్రువీకరించిన ఫోన్లకే, అంటే పై అంతస్తు ఉన్న ఫోన్లకే. ధ్రువీకరణ లేని ఫోను కట్టుకోవాలనుకునేవారికి సోర్స్ కోడ్ ఎప్పటిలాగే డౌన్‌లోడ్‌కు సిద్ధంగా ఉంటుంది, అదే అపాచీ లైసెన్సుతో.